డాక్టరమ్మ కారుకు ఎర్త్ అందని కథ

ఈ మధ్య మా వీధి చివర షెడ్డులో ఒక కారుకు ల్యాప్‌టాప్ తగిలించి జబ్బేమిటో చూస్తుంటే నేనూ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. రిటైరైన మెకానిక్కుకు అంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది. తెర మీద ఏదో అంకె వచ్చింది. షెడ్డతను దాన్ని చూసి, "ఫ్యూయల్ పంపు తాతా, కరెంటు ఫాల్టు" అన్నాడు. ఎందుకొచ్చిందని అడిగాను. "ఎందుకో అది చెప్పదు. మార్చేయడమే" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక ఒక ముసలి డ్రైవరు గుర్తొచ్చాడు. ఆ సాయంత్రమంతా ఆయనతోనే గడిచిపోయింది. మీలాంటి కుర్రవాళ్ళ కోసం ఆ సంగతి రాసి పెడుతున్నాను. చేత్తో స్పానరు పట్టుకునే వాళ్ళకు పనికి రావచ్చు, పట్టుకోని వాళ్ళకూ పనికి రావచ్చు.

మన రాష్ట్రం ఏర్పడిన కొత్త రోజులవి. మార్కాపురం అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేది. ఊళ్ళో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఉండేవి. హారను విని ఏ కారు ఎవరిదో చెప్పేవాళ్ళం. నేను గుంటూరులో బ్యాటరీల పని, వైర్ల పని నేర్చుకుని వచ్చి ఒక మేస్త్రి షెడ్డులో చేరాను. ఇంజన్లు ఆయనవి, వైర్లు నావి. ఆయనకు వైర్లంటే గిట్టదు. కంటికి కనపడని దాన్ని ఎట్లా నమ్మడం అనేవాడు. ఏ బండి ఏ జబ్బుతో వచ్చినా ముందు కార్బురేటరు విప్పేవాడు. హారను మోగడం లేదని వచ్చిన బస్సుకు కూడా విప్పాడని మా దగ్గర ఒక మాట ఉండేది. నేను కళ్ళారా చూడలేదు గానీ నమ్ముతాను.

మార్కాపురం పలకల ఊరని మీకు తెలిసిందే. దేశమంతటా పిల్లలు అక్షరాలు దిద్దడానికి మా ఊరి రాయి వాడేవాళ్ళు. మేం మాత్రం దాన్ని అన్నింటికీ వాడేవాళ్ళం. బల్ల కాలు కుంటిదైతే కింద పలక ముక్క. తలుపు గాలికి కొట్టుకుంటే సందులో పలక ముక్క. మా ఇంట్లో మజ్జిగ కుండ మీద మూత పలకే, కుంపటి కింద పరిచింది పలకే. ఏదైనా కదిలినా, ఊగినా, చప్పుడు చేసినా మా ఊరి మనిషి వెంటనే కిందికి వంగి చుట్టూ వెతికేవాడు. పలక ముక్క దొరకని చోటు మార్కాపురంలో ఉండేది కాదు. షెడ్డులో నా పని బల్ల మీద కూడా పెద్ద పలక బండ ఒకటి పరిపించుకున్నాను. కరెంటు దాని గుండా పోదు కాబట్టి వైర్ల పనికి అంత మంచిది లేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తరవాత నన్ను చూసి నవ్వుకోవడానికి పనికొస్తుంది.

ఊళ్ళో ఉన్న మిషన్ ఆసుపత్రికి ఒక చిన్న ఇంగ్లీషు కారు ఉండేది. ఎవరో దొర స్వదేశానికి వెళ్ళిపోతూ ఇచ్చి వెళ్ళాడు. అప్పటికే దానికి వయసు మీద పడింది. ఆసుపత్రి డాక్టరమ్మ బందరు వైపు నుంచి వచ్చినావిడ. పెళ్ళి చేసుకోలేదు. వారానికి ఒక రోజు ఆ కారులో అర్ధవీడు వైపు పల్లెలకు పోయి రోగులను చూసి వచ్చేది. ఆసుపత్రిలో కాన్పులు పగలూ రాత్రీ అనకుండా వచ్చేవి కాబట్టి ఆవిడకు నిద్ర అంటూ ఉంటే అది ఈ కారు వెనక సీటులోనే.

కారు నడిపేది ఒక పెద్దాయన. రాచర్ల వైపు గొర్రెలు కాచే కుటుంబం. కారు రాక ముందు అదే ఆసుపత్రికి ఎద్దుల బండి తోలాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కారు షెడ్డులోనే మంచం వేసుకుని ఉండేవాడు. నేను పెదనాయనా అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను అబ్బయ్యా అనేవాడు. తెల్లారి కారు తీసే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్టు మీద అరచేత్తో రెండు సార్లు తట్టి, అప్పుడు తలుపు తీసేవాడు. కారును "ఇది" అనడం ఆయన నోట వినలేదు. "అమ్మి" అనేవాడు. అమ్మి పొద్దున నీళ్ళు తాగలేదు, అమ్మికి ఎండ పడదు, ఇట్లా.

ఆ కారుకు పెట్రోలు అందించేది కరెంటుతో నడిచే చిన్న పంపు. డిక్కీలో, వెనక సీటును ఆనుకుని బిగించి ఉండేది. తాళం తిప్పగానే టిక్కు టిక్కు టిక్కు అని గబగబా కొట్టుకుని, పెట్రోలు నిండాక నెమ్మదించేది. ఇంజను నడుస్తున్నంత సేపూ ఆగి ఆగి ఒక టిక్కు. ఆ చప్పుడు ఆగితే పెట్రోలు ఆగినట్టు, కాసేపటికి కారూ ఆగినట్టు. పెద్దాయన దాన్ని గుండెకాయ అనేవాడు. అందులో తప్పేమీ లేదు.

ఒక ఏడు కందులు కొట్టే కాలంలో ఆ గుండెకాయ మొరాయించడం మొదలైంది. చక్కగా పోతున్న కారు నడి దారిలో ఆగిపోయేది. పెద్దాయన దిగి, డిక్కీ తెరిచి, కాలికున్న టైరు చెప్పు తీసి పంపును రెండు దెబ్బలు కొట్టేవాడు. అమ్మిని చెప్పుతో కొట్టడం ఆయనకు చాలా కష్టంగా ఉండేది. అందుకని కొట్టే ముందు దండం పెట్టేవాడు. పంపు మళ్ళీ టిక్కు అనేది, కారు కదిలేది.

ఆ రకం పంపులు చూసిన ఏ మెకానిక్కయినా ఈ లక్షణం వినగానే ఒకటే చెబుతాడు, లోపల కరెంటును కలిపి విడదీసే పాయింట్లు నల్లబడ్డాయి అని. కొడితే కదిలిందంటే పాయింట్లే. నేనూ అదే చెప్పాను. పెద్దాయన పంపును తానే విప్పి, తుండుగుడ్డలో చుట్టి, రెండు చేతులతో తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. విప్పడం, బిగించడం ఇంకొకరికి ఇచ్చేవాడు కాదు. "నీ స్పానర్లు మొరటువి అబ్బయ్యా, అమ్మికి నొప్పి పుడతాది" అనేవాడు. నేను పాయింట్లు గరుకు కాగితంతో రుద్ది, పలక బండ మీద పెట్టి, బ్యాటరీ నుంచి ఒక వైరు పంపు తల మీద, ఇంకో వైరు పంపు ఒంటికి తగిలించేవాణ్ణి. గుర్రంలా పరిగెత్తేది. పెద్దాయన ముఖం వెలిగిపోయేది. మళ్ళీ గుడ్డలో చుట్టుకుని పోయి బిగించేవాడు. మరుసటి వారం మళ్ళీ ఏదో వాగు పక్కన ఆగిపోయేది.

కారులో కూడా చూశాను. టెస్టు ల్యాంపు తెలుసు కదా, చిన్న బల్బుకు రెండు వైర్లు. ఒక కొస పంపు దగ్గరికి వచ్చే వైరుకు, రెండో కొస కారు బాడీకి తగిలించాను. బల్బు ధగధగ వెలిగింది. కరెంటు బ్రహ్మాండంగా వస్తోందని తేల్చాను. మా మేస్త్రి ఈ తతంగమంతా చూసి, "ఒరే, ఆ కార్బురేటరు ఒకసారి ఇప్పితే పోతాది" అన్నాడు. విప్పాడు కూడా. అందులో ఒక చీమ దొరికింది. అదే కారణమని వారం రోజులు ఊరంతా చెప్పుకుని తిరిగాడు, కారు మళ్ళీ ఆగే వరకూ.

ఈ గొడవలో ఒక రోజు నేను నోరు జారి, "ఎర్త్ సరిగా ఉందో లేదో కూడా చూడాలి పెదనాయనా" అన్నాను. ఎర్త్ అంటే తిరుగు దారి. వైరు మీద వచ్చిన కరెంటు పని చేసి, కారు ఇనుప ఒంటి మీదుగా బ్యాటరీకి తిరిగి చేరాలి. నేల మట్టితో దానికి సంబంధమేమీ లేదు. ఈ వివరం ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు. అప్పుడే ఎవరో మేస్త్రిని కేకేస్తే అటు పోయాను. మరుసటి వారం కారు వచ్చింది, వెనక బంపరు నుంచి బావి చేద గొలుసు ఒకటి నేల మీద ఈడ్చుకుంటూ.

"ఏంది పెదనాయనా ఇది?" అని అడిగాను.

"ఎర్త్ అబ్బయ్యా. పెట్రోలు లారీలకు యాలాడతా ఉంటాది గదా, సూల్లేదా? అమ్మి రబ్బరు కాళ్ళ మీద నిలబడుకోనుంది. నేల తగలకపోతే ఎర్త్ యాడ నించి వస్తాది?"

అంతటితో ఆగలేదు. కరెంటు స్తంభం దగ్గర ఎర్త్ గుంటలో నీళ్ళు పోయడం ఆయన చూసి ఉన్నాడు. కారు నిలిపిన చోటల్లా గొలుసు కొస మీద చెంబెడు నీళ్ళు పోసేవాడు. నేను చెప్పబోయాను గానీ, ఆ వారం కారు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆయన విజయగర్వంతో నా వైపు చూస్తుంటే ఏం చెప్పగలను. ఆ గొలుసు మట్టి రోడ్ల మీద గీత గీసుకుంటూ పోయేది. డాక్టరమ్మ కోసం ఆసుపత్రికి వచ్చిన వాళ్ళు ఆవిడ లేకపోతే ఆ గీత పట్టుకుని నడిచి పోయి ఏ ఊళ్ళో ఉందో కనుక్కునేవాళ్ళు. పంపుకు తప్ప అందరికీ పనికొచ్చిన ఎర్త్ అది.

నెల తిరక్క ముందే కారు మళ్ళీ ఆగింది, ఈసారి మండుటెండలో. డాక్టరమ్మ వెనక సీటులో పడుకోబెట్టుకుని తెస్తున్న జ్వరం మనిషికి స్పృహ తప్పింది. మనిషి బతికాడు గానీ ఆసుపత్రి కమిటీ కూర్చుంది. ముసలాయనకు చేతకావడం లేదన్నారు. కారు అమ్మేసి జీపు కొందాం, జీపుకు కుర్ర డ్రైవరును పెడదాం అన్నారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఒక పెద్దమనిషి, పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడేమో అని కూడా అన్నాడట. డాక్టరమ్మ ఇంకొక్క ప్రయాణం చూద్దామని అడిగింది. ఈసారి నడి దారిలో ఆగితే పెద్దాయన ఇంటికి పోవాలి. ఇల్లంటే ఆయనకు ఆ షెడ్డు తప్ప వేరే లేదు.

కిరసనాయిలు మాట ఆయన చెవిన పడింది. మా షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "బండి తోలేటప్పుడు ఎద్దులకు మేత పెట్టినాకనే నేను తిన్నా. అమ్మికి కిరసనాయిలు తాపుతానా అబ్బయ్యా?" అన్నాడు. మా మేస్త్రి ఎప్పుడూ ఎవరికీ చెయ్యని పని చేశాడు. లేచి పోయి టీ తెచ్చి ఆయన చేతికిచ్చాడు. తరవాత నాతో, "ఒరే, రేపు నువ్వు కూడా ఆ కారులో పో. అది మన షెడ్డులో నాటకాలాడతాంది. దారిలో ఆగినప్పుడే పట్టుకోవాల" అన్నాడు. నేను పని చేసిన అన్నేళ్ళలో ఆయన నాకు చెప్పిన గొప్ప సలహా అది. ఇందులో కార్బురేటరు లేదు కూడా.

తెల్లారే బయలుదేరాం. ముందు సీటులో పెద్దాయన పక్కన నేను, వెనక మందుల పెట్టెతో డాక్టరమ్మ. కంభం దాటే వరకూ కారు సాఫీగా పోయింది. పంపు చప్పుడు వినాలని నేను చెవి అటే వేసి కూర్చున్నాను. ఎందుకో సన్నగా, దూరం నుంచి వచ్చినట్టు వినపడుతోంది. వయసు మళ్ళిన పంపు కదా అనుకున్నాను. అర్ధవీడు దారి పట్టి, రాళ్ళ ఎత్తు ఒకటి ఎక్కుతుండగా ఇంజను రెండు సార్లు దగ్గి నిలిచిపోయింది.

పెద్దాయన స్టీరింగు చక్రం మీది నుంచి చేతులు తియ్యలేదు. కొంతసేపు అట్లాగే కూర్చుని, దిగి, డిక్కీ తెరిచి, దండం పెట్టి చెప్పుతో కొట్టాడు. పంపు పలకలేదు. మళ్ళీ కొట్టాడు, పలకలేదు. గొలుసు మీద నీళ్ళు పోశాడు. చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నేను టెస్టు ల్యాంపు తీశాను. ఎప్పటిలాగే వైరుకు, బాడీకి తగిలించాను. ఎప్పటిలాగే వెలిగింది. కరెంటు వస్తోంది, పంపు బాగుంది, అయినా కొట్టుకోవడం లేదు. నాకు ఇంక ఏం చెయ్యాలో తోచలేదు.

డాక్టరమ్మ దిగి వచ్చి తుమ్మచెట్టు నీడన రాయి మీద కూర్చుంది. పెద్దాయన ఆవిడ దగ్గరికి పోయి చేతులు కట్టుకుని, "అమ్మా, మీ గొట్టం పెట్టి ఒకసారి సూడండి. గుండెకాయ గదా" అన్నాడు. ఆయన వేళాకోళానికి అనలేదు. ఆవిడా నవ్వలేదు.

"గొట్టం తరవాత పెద్దయ్యా. ముందు కూర్చో, కొన్ని అడుగుతాను చెప్పు," అంది. "ఈ జబ్బు ఎప్పటి నుంచి?"

"కందులు కొట్టేటప్పటి నించమ్మా."

"అంతకు ముందు ఎప్పుడైనా ఆగిందా?"

"ఎప్పుడూ లేదు."

"అంతకు ముందు దీనికేమైనా చేశావా?"

"ఏం సెయ్యలేదమ్మా. ఏసుప్రభువు సాక్షి."

నాకు ఈ అడగడం వృథా అనిపించింది. నేనూ అదే అడిగాను, ఆయన నాకూ అదే చెప్పాడు. ఆవిడ మాత్రం వదల్లేదు. పల్లె జనంతో తనకిది రోజూ అలవాటేనని తరవాత నాకు చెప్పింది. బిడ్డకు ఏం పెట్టారమ్మా అంటే ఏమీ పెట్టలేదంటారు. అబద్ధం కాదు. ప్రేమగా నాకించిన ఆముదమో, పూసిన పసరో వాళ్ళ లెక్కలో పెట్టడం కిందికి రాదు. అందుకని ఆవిడ ప్రశ్నను తిప్పి అడిగేది.

"పోనీ, ఎక్కడైనా కట్టు కట్టావా? ఏదైనా చుట్టావా?"

పెద్దాయన తల గోక్కున్నాడు. "కట్టా? కట్టు కట్టిందైతే నిజమేనమ్మా. కానీ అది అమ్మి కోసరం గాదు."

"మరి ఎవరి కోసం?"

ఆయన నేల చూపులు చూశాడు. "మీ కోసరం."

డాక్టరమ్మకూ నాకూ ఏమీ అర్థం కాలేదు. ఆయన మెల్లగా చెప్పాడు.

"ఆ దినం అర్ధవీటి నించి వస్తా ఉండాం. మీరు ముందు రాత్రంతా కాన్పు కాడ మేలుకోనుండారు. సీటుకు తల ఆనించినారు. తల కింద ఇది ఒకటే టిక్కు టిక్కు. రోంత కునుకు పట్టేది, ఉలిక్కిపడి లేసేది. నాకు పానం ఒప్పలేదు. ఇంటికి పోయినాక ఇప్పి, బోల్టులకు సైకిలు ట్యూబు ముక్కలు సుట్టి, కింద సందులో పలక ముక్క పెట్టి బిగించినా. సప్పుడు అణిగిపోయింది. మీరు మళ్ళా వారం నిద్రపోయినారు గూడా."

పలక ముక్క అన్న మాట వినగానే నేను డిక్కీ వైపు పరిగెత్తాను. పంపుకు వేరే ఎర్త్ వైరు లేదు. ఉన్న వైరు ఎప్పుడో ఎవరి చేతిలోనో తెగిపోయి ఉండాలి. దాని బోల్టులే దాని తిరుగు దారి. బోల్టులకు రబ్బరు, ఒంటి కింద పలక. కరెంటు పంపు లోపలికి పోయి తిరిగి వచ్చే దారి లేక నిలబడింది. గతుకుల్లో ఒక బోల్టు అంచు ఎక్కడో కారు ఇనుముకు రాసుకున్నప్పుడు పని చేసేది, జరిగినప్పుడు ఆగేది. చెప్పు దెబ్బకు కదిలింది పాయింట్లు కాదు, ఆ బోల్టు. నా ల్యాంపు ఎందుకు వెలిగిందంటే దాని రెండో కొస నేను కారు బాడీకి తగిలించాను, పంపు ఒంటికి కాదు. షెడ్డులో పంపు ఎందుకు పరిగెత్తిందంటే అక్కడ దానికి నా చేత్తో నేనే ఎర్త్ ఇచ్చాను. అదీ పలక బండ మీద పెట్టి. కరెంటుకు పలక అడ్డమని ఊరందరికీ చెప్పి బండ పరిపించుకున్న వాణ్ణి నేనే కదా, ఇప్పుడు నవ్వండి.

ల్యాంపు రెండో కొస తీసి పంపు ఒంటి మీద పెట్టాను. బల్బు వెలగలేదు. ఆ వెలగని బల్బును చూసినంత సంతోషంగా నేను జన్మలో దేన్నీ చూడలేదు. తాళం తిప్పే ఉంది కాబట్టి, చేతిలో ఉన్న వైరు ముక్క ఒక కొస పంపుకు, ఒక కొస కారు ఇనుముకు తాకించాను. టిక్కు టిక్కు టిక్కు అని కొట్టుకుంది.

పెద్దాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. పంపును చూశాడు, నన్ను చూశాడు. సంగతి చెప్పాను. ఆయన ముఖం చూస్తుండగానే వాడిపోయింది.

"అయితే నేనే సేసినానా? అమ్మి గొంతు నేనే పట్టుకున్నానా ఇన్నాళ్ళు?"

 డాక్టరమ్మ లేచి వచ్చి డిక్కీలోకి వంగి చూసింది. మట్టీ నూనే పట్టి పలక కూడా ఇనుము రంగులో కలిసిపోయింది. వేలితో గీకితే నల్లగా మెరిసింది. "నేను ఎన్ని ఇళ్ళలో చూశాను పెద్దయ్యా," అంది. "బిడ్డకు చలి వేస్తుందని తల్లులు నాలుగు దుప్పట్లు కప్పుతారు. జ్వరం పెరుగుతుంది. వాళ్ళను తిట్టనా నేను?"  నేను స్పానర్లు వెతుక్కునే నెపంతో అటు తిరిగాను.

ఈసారి పెద్దాయన నన్ను విప్పనిచ్చాడు. స్పానరు మొరటుదని అనలేదు. పలక తీసి, రబ్బరు తీసి, కారు ఇనుము మీది రంగు మెరిసే దాకా గీకి, బోల్టులు బిగించి, దానికి పైన ఒక వైరు కూడా వేశాను. పని అయ్యాక ఆయన గొలుసు విప్పడానికి వంగాడు.

"అయితే దీంతో పని ల్యా అబ్బయ్యా?"

"లేదు పెదనాయనా. అది వేరే ఎర్త్."

"ఉండనీ పెద్దయ్యా," అంది డాక్టరమ్మ. "ఆసుపత్రిలో నేను లేనప్పుడు ఆ గీత పట్టుకునే కదా జనం వస్తున్నారు." ఆయన గొలుసును మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. పలక ముక్కను తుడిచి జేబులో వేసుకున్నాడు. ఆసుపత్రిలో మందులిచ్చే బల్ల కుంటుతోందట.

అర్ధవీడు చేరేసరికి జనం బడి వసారా నిండా కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ అందరినీ చూసింది. నేను నీడన కూర్చుని జొన్నరొట్టె తిన్నాను. పెద్దాయన తినలేదు. కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పంపు బాగయింది నిజమే గానీ, కారు ఆగిందన్నది కూడా నిజమే. ఆగితే ఇంటికి పోవాలన్నది కమిటీ మాట. ఆ లెక్క ఆయన మనసులో తెగలేదు. ఆవిడను అడగడానికి ఆయనకు నోరు రాలేదు, చెప్పడానికి ఆవిడకు రోగుల మధ్య తీరిక లేదు.

పొద్దు వాలుతుండగా తిరుగు దారి పట్టాం. అడ్డు తీసేశాం కాబట్టి పంపు చప్పుడు కారంతా నిండిపోయింది. పెద్దాయన గతుకు గతుకుకూ భుజాలు కుదించుకుంటున్నాడు. చివరికి ఉండబట్టలేక, "సప్పుడు శానా పెద్దదైపోయిందమ్మా. మీకు కన్ను మూతపడదు" అన్నాడు.

డాక్టరమ్మ వెనక నుంచి అంది, "చప్పుడు వినపడని రోజుల్లోనే నాకు నిద్ర లేదు పెద్దయ్యా. ఎక్కడ ఆగుతుందోనని కళ్ళు మూసుకుని మేలుకునే ఉండేదాన్ని. నువ్వు బాధపడతావని చెప్పలేదు." కొంచెం ఆగి, "కమిటీకి నేను చెబుతాను. కారు ఆగింది డ్రైవరు వల్లే, కానీ ఆ డ్రైవరును నేను వదులుకోను అంటాను. సరేనా?"

 పెద్దాయన ఎడమ చేత్తో తుండుగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు, దారి చూడటానికి ఏదో అడ్డం వచ్చినట్టు మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు. కొంత దూరం పోయాక నేను తిరిగి చూశాను. డాక్టరమ్మ తల పంపు ఉన్న వైపు సీటుకు ఆనించి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఆయనకు సైగ చేశాను. అద్దంలో చూసుకున్నాడు. కారు వేగం సగానికి తగ్గించాడు.

కంభం ఇంకా రాక ముందు గొర్రెల మంద ఒకటి రోడ్డు మీదికి వచ్చింది. మామూలుగా అయితే ఆయన హారను కొట్టి, తల బయట పెట్టి, మీ తాత కూడా ఇట్లనే తోలినాడా అని కాపరిని నాలుగు మాటలు అనేవాడు. ఆ రోజు హారను మీద చేయి పెట్టలేదు. కారు నిలిపాడు. కాపరి ఎవరో ఆయనకు తెలిసిన మనిషే, "మామా, బాగుండావా?" అని కేకేస్తూ వచ్చాడు. పెద్దాయన నోటి మీద వేలు పెట్టుకుని వెనక సీటు చూపించాడు. కాపరి కిటికీలోంచి తొంగి చూసి, తల పాగా సర్దుకుని, గొర్రెలను నోటితో కాకుండా కర్రతో మెల్లగా అవతలికి తోలుకుపోయాడు.

మంద దాటిపోయింది. దారి ఖాళీ అయింది. అయినా పెద్దాయన కారు కదపలేదు. ఇంజను నడుస్తూనే ఉంది, పంపు ఆగి ఆగి టిక్కు అంటోంది. పోదాం పెదనాయనా అన్నట్టు చూశాను. "రోంత సేపు అబ్బయ్యా," అన్నాడు గొంతు తగ్గించి. కారు నడి దారిలో ఆగితే ఉద్యోగం పోతుందని పొద్దున గొలుసు మీద నీళ్ళు పోసిన మనిషి, సాయంత్రం తనే కారును నడి దారిలో ఆపుకుని, ఆవిడ లేచే దాకా చక్రం ముందు కదలకుండా కూర్చున్నాడు.